ఒకే గోత్రపు నట్టు

పోర్ట్ లింకన్‌లో పొద్దున ఏడింటికి
షట్టరెత్తగానే ముందు లోపలికొచ్చేది ఉప్పుగాలి.
ఆ తర్వాతే బేరం.

కౌంటరు వెనక నాలుగొందల డ్రాయర్లు,
అన్నిటికీ నా చేతిరాత చీటీలే.
కొన్నిటి మూల తెలుగులో రాసుకున్నాను,
"మొండిది" అని,
"అడక్కుండా ఇవ్వకు" అని.
ఈ ఊళ్ళో ఎవరూ చదవలేరు,
అవి నాకు నేను పెట్టుకున్న వాతలు.

చేరిన కొత్తలో
ట్యూనా చేపల్ని పెంచే తేలే కంచెకి
బోల్టులు కావాలని వచ్చాడు డెంజిల్ ట్రెలోర్.
ఎనభై రకం. సముద్రాన్ని లెక్కచెయ్యని స్టీలు.
నట్టులు ఏవివ్వను అనడిగితే
"వాటికి సరిపడేవి" అన్నాడు.

సరిపడేవి!
అదే స్టీలు, అదే గ్రేడు, అదే మెరుపు,
డబ్బా మీద ముద్ర కూడా అదే.
అంతకన్నా పొంతన ఏముంటుందని
నూట ఇరవై జతలు లెక్కపెట్టిచ్చాను,
రెండుసార్లు సరిచూసి మరీ.

మా భాషలో పోలిక చెప్పాలంటే
మాట చివర ఓ నట్టు బిగించాల్సిందే:
ఉన్నట్టు, విన్నట్టు, తెలిసినట్టు.
ఆ రోజు నేనమ్మినవన్నీ
తెలిసినట్టులే.

మూడోనాడు బకెట్టుతో వచ్చాడు.
నిండా కోసేసిన బోల్టులు,
గ్రైండరు వేడికి అంచులు నీలంగా కమిలి.
సగందాకా ఎక్కి ఆగిపోయిన నట్టులు,
ముందుకి రావు, వెనక్కి పోవు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
ఒకటి నా చేతిలో పెట్టి "తిప్పు" అన్నాడు.
పానా పట్టుకుని వేలాడాను.
నా మణికట్టు తిరిగింది, అది తిరగలేదు.

"బాగా బిగిసింది" అన్నాను.
"బిగిస్తే విప్పగలం.
ఇది పట్టేసింది."

ఆయన చెప్పినదాన్ని ఇంటికెళ్ళి
అంట్లు తోముతూ నా మాటల్లోకి దింపుకున్నాను.
ఈ స్టీలు ఒంటి మీద
కంటికానని పొర ఒకటుంటుంది.
తుప్పుని వాకిట్లోనే ఆపేది అదే.
ఒకే రకం మరలు రెండు
ఒత్తుకుని, వేడెక్కి, రుద్దుకుంటే
రెంటి పొరా ఊడుతుంది.
పచ్చి లోహం పచ్చి లోహాన్ని గుర్తుపట్టి
నువ్వూ నేనూ ఒకటేనంటూ అతుక్కుపోతుంది.
మా నాయనమ్మైతే ఒక్క ముక్కలో తేల్చేసేది:
సగోత్రం.

అలాగని ఎవరో ఒకరిని తెచ్చి కట్టబెట్టలేం.
జింకు పూసిన నట్టు చవక, నున్నగా ఎక్కుతుంది,
ఉప్పునీళ్ళలో నాలుగు నెలలకే
తెల్లగా పొడిపొడిగా రాలుతుంది.
డెబ్బై రకం నట్టు ఎనభై బోల్టుకి తొడిగితే
గాలివాన రాత్రి
మొక్కజొన్న కండె ఒలిచినట్టు మరలు ఒలుచుకుపోతాయి.
విరగాలంటే బోల్టు విరగాలి, డెంజిల్ అనేవాడు,
విరిగింది కంటికి కనిపిస్తుంది.
ఒలిచిన నట్టు
బిగిసే ఉన్నానని అబద్ధమాడుతుంది.

బలంలో సమానం, పుట్టుకలో వేరు.
అలాంటిది దొరికితే అదృష్టం,
దొరికినా ధర చూసి జనం గుటకలు మింగుతారు.
దొరక్కపోతే మరల నిండా బూడిదరంగు గ్రీజు,
చేత్తో, మెల్లగా.
గ్రీజు పూశాక పాత లెక్కన బిగించకూడదు,
జారే మర ఎక్కువ లాగుతుంది,
బోల్టు సాగిపోతుంది.
ఇది తెలియడానికి ఇంకో బకెట్టు పట్టింది.
దాని సంగతి చెప్పను.

డెంజిల్ ఇప్పుడు పడవెక్కడు, మోకాళ్ళు పోయాయి.
ఆయనిచ్చిన ఆ ఒక్క జత
నా బిల్లుల మీద బరువుగా కూర్చుంది.

ఇవాళ ఒక పిల్ల వచ్చింది, టెగన్ అట,
చంకలో బ్యాటరీ డ్రిల్లు, బూట్లకి చేపపొలుసు.
నేను డ్రాయరు తియ్యకముందే
"బోల్టూ నట్టూ ఒకేలాంటివి ఇవ్వు,
చూడ్డానికి బాగుండాలి" అంది.

బిల్లులు గాలికెగిరితే ఎగిరాయని
ఆ జత తీసి ఇచ్చాను.
తిప్పింది. పళ్ళు బిగపట్టి తిప్పింది.
డ్రిల్లు కింద పెట్టి మళ్ళీ తిప్పింది.
"అమ్మో, దీన్ని ఇంత గట్టిగా ఎవరు బిగించారు?"

"ఎవరూ బిగించలేదు" అన్నాను,
గ్రీజు డబ్బా కోసం వెతుకుతూ.